పొలంలో ఇల్లు, యూఎస్‌డీఏ లోన్: తమ్ముడి జీతం కూడా లెక్కేనా?

ప్రశ్న: అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో అద్దెకుంటున్నాం. నాకు నిరుడు గ్రీన్ కార్డు వచ్చింది. ఇంట్లో నేను, భార్య, పాప, హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్న తమ్ముడు. దగ్గర్లోని లెరాయ్ ఊరి బయట ఆరెకరాల స్థలంలో ఇల్లు అమ్మకానికొచ్చింది. అందులో ఐదెకరాలు మొక్కజొన్నకు కౌలుకిచ్చారు. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) గ్రామీణ గృహ లోన్‌తో డౌన్ పేమెంట్ లేకుండా కొనొచ్చని, నా ఒక్కడి పేరునే తీసుకుంటే మిగతావాళ్ల జీతాలు చూడరని లోన్ ఏజెంటు అంటున్నాడు. ఎలాగూ ప్రభుత్వ హామీ ఉంది కదా, రేపు ఉద్యోగం పోయినా భయం లేదనుకుంటున్నాను. సలహా చెప్పండి.

జవాబు: ముందు ఆ ఆఖరి మాట సంగతి చూద్దాం. ఆ హామీ మీకు కాదండీ, బ్యాంకుకు. 1949 హౌసింగ్ చట్టం సెక్షన్ 502 కింద అప్పిచ్చేది మామూలు బ్యాంకే. మీరు ఎగవేస్తే బ్యాంకు నష్టాన్ని లోన్‌లో 90 శాతం దాకా యూఎస్‌డీఏ భరిస్తుంది. తర్వాత ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి ఉంటుంది. మీ ట్యాక్స్ రీఫండ్‌లోనూ పట్టుకోవచ్చు. దరఖాస్తుతో పాటు మీరు సంతకం పెట్టే ఫారంలోనే ఈ షరతు ఉంటుంది. సర్కారు అప్పంటే ఎప్పుడో మాఫీ అవుతుందన్న మనవైపు అలవాటు అక్కడ పనికిరాదు. పైగా ఆ హామీకి రుసుము కట్టేదీ మీరే: మొదట లోన్‌పై 1 శాతం, ఆపైన ఏటా మిగిలిన అసలుపై 0.35 శాతం.

జీతాల విషయంలో ఏజెంటు చెప్పింది తప్పు. లోన్ తీర్చగల స్తోమత చూసేటప్పుడు సంతకం పెట్టేవాళ్ల ఆదాయమే చూస్తారు. అర్హత దగ్గర మాత్రం ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి ఆదాయమూ కలుపుతారు. ఆ మొత్తం మీ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. హెచ్1బీ కాబట్టి మీ తమ్ముడు లోన్‌పై సంతకానికి పనికిరారు, కానీ ఆయన జీతం లెక్కలోకి వస్తుంది! పాప పేరున 480 డాలర్లు, డేకేర్ ఖర్చు తీసేసినా మూడు జీతాల ఇల్లు ఆ హద్దులో ఇమడడం కష్టమే. తమ్ముడు నిజంగానే వేరే ఇంటికి మారితే మీకు మేలు, ఎందుకంటే ఆయన జీతం లెక్కలోంచి పోతుంది, నలుగురి వరకూ ఆదాయ హద్దు ఒకటే కాబట్టి మీరు ముగ్గురే ఉన్నా అది తగ్గదు. కాగితాల మీద మాత్రమే మారితే అది ఫెడరల్ నేరం, మీ గ్రీన్ కార్డుకే ముప్పు.

ఇక పొలం. ఎన్నెకరాలన్నది అడ్డు కాదు, దాన్ని దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న. ప్రధానంగా సేద్యానికి వాడే ఆస్తికి ఈ లోన్ రాదు. పెరట్లో కూరగాయలు పండించి కాసిన్ని అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు, ఐదెకరాల కౌలు అలాంటిది కాదు. ఇంటిని, కొద్దిపాటి స్థలాన్ని సర్వే చేయించి విడిగా అమ్మమని అడగండి. అందుకు కౌంటీ (మన జిల్లా లాంటిది) జోనింగ్ అనుమతి, అంటే భూ వినియోగ అనుమతి, దొరుకుతుందో లేదో అక్కడి లాయరుతో ముందే చూపించుకోండి. మొత్తం కొనాలనుకుంటే కౌలుదారు సంగతి మరవొద్దు. ఆస్తి చేతులు మారినంత మాత్రాన అతని కౌలు రద్దు కాదు. నోటిమాట మీద ఏటేటా నడిచే కౌలైతే, ఇల్లినాయ్ చట్టం ప్రకారం కౌలు ఏడాది ముగియడానికి కనీసం 4 నెలల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అక్కడ మామూలుగా కౌలు ఏడాది ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది, అంటే నోటీసు అక్టోబరు 31 లోపు అందాలి. ఆ తేదీ దాటితే మరో పంట అతనిదే.

గ్రీన్ కార్డు ఉంది కాబట్టి పౌరసత్వం లేకపోవడం మీకు అడ్డంకి కాదు. బ్లూమింగ్టన్ పెద్ద పట్టణం కనుక ఈ పథకంలోకి రాదు. లెరాయ్ చిన్న ఊరే అయినా, ఆ ఇంటి చిరునామాను యూఎస్‌డీఏ మ్యాప్‌లో వేసి చూసుకోండి. ఆదాయం హద్దు దాటితే ఫెడరల్ గృహ సంస్థ బీమా చేసే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ ఉంది. దానికి 3.5 శాతం డౌన్ పేమెంట్ కావాలి, ఆదాయ పరిమితి లేదు. ఏ దారిలో వెళ్లినా, లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగిచ్చేయాలన్న షరతు లేకుండా కొనుగోలు ఒప్పందంపై సంతకం పెట్టకండి.