డిక్కీ దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

స్కాట్లాండ్‌లో పనిచేసిన ప్రసూతి డాక్టరు ఇయాన్ డొనాల్డ్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ముందు ఆ మొదటి పేరా కొట్టెయ్. "అల్ట్రాసౌండ్ పితామహుడు" అనగానే పటం, దండ కళ్ళముందుకొస్తాయి, మనిషి కనిపించడు. పైగా వైద్యంలో, శబ్దం పంపి ఒంటి లోపలికి చూసే ఈ పని మొదలుపెట్టింది ఆయనొక్కడే కాదు. ఆస్ట్రియాలో కార్ల్ డుసిక్ 1942 నాటికే తలలోంచి శబ్దం పంపి చూశాడు. స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ 1953లో గుండె కదలికలు పట్టుకున్నారు.

డొనాల్డ్ అనే మనిషి నీ మూడో పేజీలో ఒక్క వాక్యంలో ఇరుక్కుపోయి ఉన్నాడు. 1955 జూలై 21న గ్లాస్గో విశ్వవిద్యాలయం ప్రసూతి వైద్య ప్రొఫెసరు, ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని రెండు కార్ల డిక్కీల్లో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్ళాడు! శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోహంలో పగుళ్ళు పట్టే యంత్రం వాళ్ళ దగ్గరుంది. యుద్ధకాలంలో వైమానిక దళంలో డాక్టరుగా పనిచేసినవాడు, తరంగాలు పంపి తిరిగొచ్చేవాటిని పట్టే రాడార్ సంగతి తెలిసినవాడు కాబట్టి ఆ ఆలోచన తట్టింది. కొన్ని ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచిలో పెరిగే గట్టి గడ్డలు, కొన్ని నీటి తిత్తులు. పోల్చి చూడ్డానికి ఇంత గొడ్డుమాంసం. నీటి తిత్తిలోంచి శబ్దం అడ్డు లేకుండా పోయి అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది. గట్టి గడ్డలో అడుగడుగునా ప్రతిధ్వనులే. దీన్ని నువ్వు "విప్లవాత్మక ప్రయోగం" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. డిక్కీ తెరిచి చూపించు, చాలు.

నేనూ కుర్రతనంలో ఇలాగే రాసేవాణ్ణి. ఒకసారి ఒక శాస్త్రవేత్త మీద నాలుగు పేజీలు రాస్తే, మా ఆవిడ చదివి "ఇంతకీ ఈయన ఏం చేశాడు?" అంది. కోపమొచ్చింది కానీ, వెతికితే నా నాలుగు పేజీల్లోనూ జవాబు లేదు.

ఇంకోటి. "సహాయకుల తోడ్పాటుతో" అన్నావు చూడు, ఆ సహాయకుల్లో ఒకడు ఇరవై మూడేళ్ళ ఇంజనీరు టామ్ బ్రౌన్. ప్రొఫెసరెవరో లోహం పరీక్షించే యంత్రాన్ని రోగుల మీద పెడుతున్నాడని విని, టెలిఫోన్ డైరెక్టరీలో నంబరు వెతికి తనే ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే ఆ యంత్రం పనికొచ్చేది కాదు. దగ్గరగా ఉన్నవి దానికి కనిపించవు కాబట్టి రోగి పొట్టమీద నీళ్ళ బకెట్టు నిలబెట్టేవారు, అది ఒలికేది. తన కంపెనీనుంచి మంచి యంత్రం ఇప్పించింది ఆ కుర్రాడే. 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం మీద డొనాల్డ్, జాన్ మాక్‌వికార్, బ్రౌన్ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. నీ వ్యాసంలోనూ ఉండాలి.

ఆ పొట్ట ఉబ్బిన ఆవిడ కథకి అర వాక్యమే ఇచ్చావేమిటి? కడుపులో కాన్సర్, ఇక చేసేదేం లేదన్నారు. డొనాల్డ్ యంత్రం పెట్టి చూస్తే అది పెద్ద నీటి తిత్తి. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆవిడ బతికింది. ఆస్పత్రిలో మిగతా డాక్టర్లు ఆయన మాట వినడం అప్పటినుంచే.

చివర్లో అబార్షన్ సంగతి దాటేశావు. అబార్షన్‌ని అనుమతించిన 1967 బ్రిటన్ చట్టాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు, కడుపులో బిడ్డ బొమ్మల్ని ఆ వాదనకే వాడాడు. అది నీకు నచ్చకపోవచ్చు, నాకూ కొంత ఇబ్బందే. అయినా రాయి. అదే యంత్రం మన దగ్గరికొచ్చి ఆడపిల్ల అని తెలిశాక తీయించేసే పనికి వాడితే, 1994లో చట్టం తేవలసి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, మధ్యలో నీ వ్యాఖ్యానం వద్దు.

స్కానింగ్ సెంటర్లో "నీళ్ళు బాగా తాగి కూర్చోండమ్మా" అంటారే, అది కూడా డొనాల్డ్ దగ్గర బయటపడిందే, 1963లో. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకి నెట్టి, గర్భసంచి కనపడేలా కిటికీ తెరుస్తుంది. నీ పాఠకుల్లో సగంమంది ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే. అదెక్కడా రాయలేదేం? నెలాఖరులోగా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు