ముందు కాటా మీద గెలువు తల్లీ

తిరుపతి

చిరంజీవి తల్లికి పెదనాయన ఆశీస్సులు.

పటియాలా బాక్సింగ్ క్యాంపుకు పిలుపు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పంచ్‌లు దిద్దడానికి అక్కడ పెద్ద పెద్ద కోచ్‌లున్నారు. ఇన్నేళ్లు పిల్లలకు గ్లవ్స్ తొడిగినవాణ్ణిగా నేను చెప్పేది బరువు గురించి.

జిల్లా పోటీలు రెండు మూడు రోజుల్లో ముగిసిపోతాయి. అంతర్జాతీయ టోర్నీ రోజుల తరబడి సాగుతుంది, బౌట్, అంటే నీ పోటీ, ఉన్న ప్రతిరోజూ నీ కేటగిరీ బరువు దాటావేమో చూడటానికి పొద్దున్నే తూకం వేస్తారు. మొదటి రోజు నీళ్లు మానేసి ఎలాగో గట్టెక్కినా, తర్వాతి బౌట్లకు ఒంట్లో సత్తువ మిగలదు. 2024 పారిస్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్‌కు ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువ తూగింది, అంతే, పోటీ నుంచి తీసేశారు. ఆట వేరైనా కాటా ఒక్కటే.

అందుకే ఈరోజు నుంచే రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచి బాత్రూంకి వెళ్లొచ్చాక ఒకసారి కాటా ఎక్కి నోట్‌బుక్‌లో రాసుకో. నిద్రలో నీ బరువు ఎంత తగ్గుతుందో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. అప్పుడు తూకం ముందు రాత్రి ఎంత తినొచ్చో, ఎన్ని నీళ్లు తాగొచ్చో నీకే లెక్క దొరుకుతుంది, సగం టెన్షన్ పోతుంది. మన ఎండల్లో ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరిగెత్తే పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అలా పోయేది నీరే, కొవ్వు కాదు. సంగటి మానొద్దు, ముద్ద చిన్నది చేసుకో. పప్పు, గుడ్డు పెంచు.

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కేజీల్లో ప్రపంచ ఛాంపియన్. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేక 50కి దిగింది, 2023లో ఢిల్లీలో అందులోనూ ప్రపంచ టైటిల్ కొట్టింది. రెండు కేజీలంటే బయటివాళ్లకు చిన్నమాట. ఒంట్లో కొవ్వే లేని బాక్సర్‌కు ఎంత కష్టమో నువ్వూ చూస్తావు. నీది ఇంకా ఎదిగే వయసు. ఒళ్లు పెరిగితే పై కేటగిరీకి వెళ్లు, మొండిగా ఆకలితో మాడొద్దు.

బరువు దించడానికి ఎవరైనా మాత్ర ఇస్తే ముట్టుకోవద్దు. ఒంట్లో నీరు దించే ఫ్యూరోసెమైడ్ లాంటివి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించిన మందులు. మామూలు జలుబు మాత్రైనా, నాటు మందైనా క్యాంపు డాక్టర్‌కు చూపించాకే వేసుకో. "తెలియక వేసుకున్నా" అంటే అక్కడ ఎవరూ వినరు.

రింగులో ఒక్కటే మాట. ఉండేవి మూడు నిమిషాల రౌండ్లు మూడే. గెలిచిన రౌండ్‌కు 10, ఓడినదానికి మామూలుగా 9 వేస్తారు ఐదుగురు జడ్జీలు. మొదటి రౌండంతా ఎదుటిమనిషిని చూస్తూ గడిపే అలవాటు నీకుంది. అక్కడ కుదరదు తల్లీ, బెల్ మోగగానే జాబ్, అదే ముందు చేతి పంచ్, పడాలి.

నీ డిగ్రీ పరీక్ష ఫీజు సంగతి నేను చూసుకుంటా. పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం ఈ రాత్రే చూసి చెప్పు. దగ్గర పడితే బయల్దేరే లోపే అప్లై చేద్దాం.

మీ పెదనాయన