కొత్త ఓవర్‌మెన్‌కు మామ రాసిన ఉత్తరం

అల్లుడా,

భూపాలపల్లి కాకతీయ ఖని బొగ్గు బాయిల ఓవర్‌మెన్‌గ, అంటే షిఫ్టు పని చూసుకునే సూపర్‌వైజర్‌గ, చార్జి తీసుకున్నవని అక్క ఫోన్ చేసి చెప్పింది. శాన సంబురమైంది. రిటైరై హన్మకొండల కూసున్నా నా పాణం ఇంకా బాయి కాడనే తిరుగుతది. అందుకే రాస్తున్న.

ప్రమోషన్ రాంగనే పిలగాళ్లు జీఎం ఆఫీసు చుట్టూ తిరిగి పరిచయాలు పెంచుకోవాల్నని చూస్తరు. వద్దనను. కని నైట్ షిఫ్టుల పంపు ఆగి నీళ్లు ఎక్కుతుంటే నిన్ను ఆదుకునేది ఫిట్టరు, ఎలక్ట్రీషియను, బొగ్గు టబ్బులు గుంజే హాలేజీ ఆపరేటరు. పని పడ్డనాడే పలకరిస్తే వాళ్లకు నువ్వు ఆర్డరేసే మనిషివే. ల్యాంపు రూంకు జర ముందుగాల్ల పో. ఇంట్ల పిల్లలు ఎట్లున్నరో అడుగు. వయసుల పెద్దోళ్లను 'అన్నా' అని పిలువు, నీ హోదా ఏం తగ్గదు.

పైకప్పును కర్రతోని కొట్టి సప్పుడు వినుడు నువ్వూ నేర్చుకున్నవ్, గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఇచ్చిన సర్టిఫికెట్ చేతిల ఉంది. అయినా ఏండ్లకేండ్లు ఆ కప్పు కిందనే దానికి దిమ్మెల ఆసరా పెట్టుకుంట పనిచేసిన టింబర్‌మన్ 'ఇయ్యాల సప్పుడు బోలుగ వస్తుంది సార్' అంటే, నీ చెవికి గట్టి కప్పు సప్పుడే వినపడ్డా సరే, పనాపి మనుషులను ఎనుకకు తియ్యి. కప్పు భద్రత చూసే మైనింగ్ సర్దార్‌ను పిలిచి మళ్ల చూపియ్యి. ఆ షిఫ్టుల బొగ్గు టన్నులు తగ్గుతయి. మేనేజర్ అడిగితే 'నేనే ఆపిన' అని చెప్పు, టింబర్‌మన్ మీదికి తోసెయ్యకు. ఒక్కసారి నువ్వట్ల నిలబడితే, ఆ తర్వాత లోపల ఏది తేడాగున్నా ముందుగాల్ల నీకే చెప్తరు. నా దృష్టిల లీడరంటే గదే.

షిఫ్టు మారేటప్పుడు రిపోర్టు బుక్కుల సంతకం పెట్టి ఊకోకు. పైకి పోతున్న ఓవర్‌మెన్‌ను నిలబెట్టి నోటితోని కూడ అడుగు.

ఇగ లీవుల సంగతి. మేడారం మీకు దగ్గర. రెండేండ్లకోసారి మాఘమాసంల సమ్మక్క జాతరొస్తే బుధవారం నుంచి శనివారం దాక అందరూ లీవే అడుగుతరు. జాతర వారం దాక ఆగితే కొట్లాటలే. నెల ముందే అందరినీ కూసోబెట్టు. కిందటి జాతరకు ఎవరు పోలేదో వాళ్ల పేర్లు ముందు రాయి. మొక్కున్నోళ్లు, పసిపిల్ల ఎత్తు బెల్లం తూగేటోళ్లు తర్వాత. లిస్టు వాళ్ల ముందటనే తయారుచేసి హాజరేసే మస్టర్ కాడ అంటియ్యి. బదిలీ వర్కర్ (పర్మినెంటోళ్లు రాకుంటే వాళ్ల జాగల పనిచేసేటోడు) అని ఎవ్వల్నీ చివరికి నెట్టకు. యూనియన్ లీడర్ వచ్చి ఒక పేరు మార్చుమంటే లిస్టు చూపియ్యి. ఆయనకు చెప్పిన మాటనే మేనేజర్‌కూ చెప్పు.

శ్రీరాంపూర్, మందమర్రి, రామగుండం బొగ్గు బాయిలల్ల నీ తోటి ఓవర్‌మెన్లను ఒక్కొక్కరినన్న ఎరుక చేసుకో. అక్కడ ప్రమాదం అయితే ఎట్లయిందో సర్క్యులర్ వచ్చేలోపే అడిగి తెలుసుకోవచ్చు. ట్రైనింగులకు పోయినప్పుడు మనోళ్లతోనే గుంపుగ తిరిగి రాకు.

గని మేనేజర్ సర్టిఫికెట్‌కు రాసే సెకండ్ క్లాస్ మేనేజర్ పరీక్ష సంగతి మర్వకు. ఒక్కనివే చదివితే షిఫ్టుల అలసటకు పుస్తకం మీదనే నిద్రొస్తది, ఇద్దరు ముగ్గురు కలిసి చదువుండ్రి. వెంటిలేషన్ పుస్తకాలు నా కాడున్నయి. వచ్చే ఆదివారం అక్కను తీసుకొని రా, తీస్కపోదువు.

మీ మామ