రంగు పోయిందని సంబరపడకు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు పాలీఅనిలిన్ (అనిలిన్ అణువులు గొలుసుగా కలిసిన పాలిమర్), టైటానియం డయాక్సైడ్ (టైటానియా) కలిపిన పొడి, అదే కాంపోజిట్, దాని మీద పని ఇచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నీళ్లలోంచి రంగులు, మందుల అవశేషాలు తీసేయాలట కదా. మంచి టాపిక్కే. దీని మీద పేపర్లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, నమ్మి వాడుకోదగ్గవి మాత్రం తక్కువ.

తయారీ మీ సీనియర్లు నేర్పిస్తారు. సీసాలో అనిలిన్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే డిస్టిల్ చేసుకో. అనిలిన్‌ను గొలుసులుగా కలిపే పెర్‌సల్ఫేట్‌ను మంచు మీద చుక్కచుక్కగా వెయ్యి, ఒక్కసారి పోస్తే వేడెక్కిపోతుంది. కడగడంలో మాత్రం బద్ధకించకు. నీళ్లతో, ఆ తర్వాత మెథనాల్‌తో, దిగే ద్రవం రంగు లేకుండా వచ్చేదాకా కడుగు. లేకపోతే పొట్టి గొలుసుల ముక్కలు నీ శాంపిల్లోకే కారతాయి.

అసలు తలనొప్పి కొలతల దగ్గర. ఆకుపచ్చ రూపంలో ఉన్న పాలీఅనిలిన్ మీద ధనావేశం ఉంటుంది కాబట్టి కాంగో రెడ్ లాంటి ఋణావేశపు రంగుల్ని ఇట్టే లాక్కుంటుంది. మిథిలీన్ బ్లూ అనే రంగు ధనావేశానిది, ఆమ్లంలో దాన్ని దగ్గరికి రానివ్వదు. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. కానీ సరిగ్గా కడగని పొడి నీళ్లలో పడగానే తనలోని ఆమ్లాన్ని వదిలి పీహెచ్ దించేస్తుంది. కాంగో రెడ్ ఆమ్లంలో నీలానికి తిరుగుతుంది, అది వెలుతురును బాగా పీల్చే 497 నానోమీటర్ల దగ్గరి శిఖరం పక్కకు జరుగుతుంది. నువ్వు 497 దగ్గరే రీడింగ్ తీస్తూ కూర్చుంటే సగం రంగు పోయినట్టు గ్రాఫ్ వస్తుంది. పోయిందేమీ ఉండదు! అందుకే ప్రతి శాంపిల్ పీహెచ్ చూడు, కాలిబ్రేషన్‌లో వాడిన పీహెచ్‌కే తెచ్చి, మొత్తం స్పెక్ట్రమ్ తీయి. ఫిల్టర్ పేపర్ కూడా మిథిలీన్ బ్లూని పీల్చుకుంటుంది. సెంట్రిఫ్యూజ్ వాడు.

టైటానియా లైటు కింద రంగును విరగ్గొడుతుంది. ఆ లైటు వేసే ముందు చీకట్లో కలుపుతూ ఉంచి, రీడింగ్ నిలకడకు వచ్చాకే టైమ్ లెక్క మొదలుపెట్టు. లేకపోతే పొడికి అంటుకున్న రంగంతా విరిగిపోయిన రంగు ఖాతాలో పడుతుంది. అనటేస్ రకం టైటానియా బ్యాండ్ గ్యాప్ (అందులో ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావాల్సిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దానికి అల్ట్రావయొలెట్ కావాలి. పాలీఅనిలిన్ చేరితే మామూలు వెలుతురులో కూడా పని చేస్తుందని అందరూ రాస్తారు. అది నిజంగా పాలిమర్ చేసిన పనేనా? రంగు కూడా వెలుతురు పీల్చుకుని టైటానియాకు ఎలక్ట్రాన్ ఇవ్వగలదు. రంగు లేని ఫినాల్‌తో ఒకసారి నడిపి చూడు, తేలిపోతుంది.

రంగు పోవడమంటే అణువులో రంగునిచ్చే భాగం విరగడమే. మిగతా ముక్కలు నీళ్లలోనే ఉండొచ్చు, వాటిలో కొన్ని విషపూరితం కూడా కావచ్చు. టీఓసీ, అంటే నీళ్లలో కర్బన పదార్థాల్లోని మొత్తం కార్బన్, కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇంకోటి, చాలామంది వదిలేసేది: నీ పాలిమర్ కూడా కర్బన పదార్థమే. టైటానియా పుట్టించే రాడికల్స్ (చాలా చురుకైన అణుముక్కలు) దాన్నీ కొరుకుతాయి. ఉత్త డిస్టిల్డ్ వాటర్లో కాంపోజిట్ వేసి, లైటు కింద పెట్టి టీఓసీ చూడు. అది పెరుగుతూ పోతుంటే నీ పదార్థమే నీళ్లలో కలుస్తోందన్నమాట.

తర్వాత నిజం నీళ్లు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో ఒక పరిశోధన చూపించింది. శుద్ధి తర్వాతి సంగతి ఇది! అలాంటి నీళ్లలో ఉప్పు, రకరకాల ఆర్గానిక్‌లు కూడా ఉంటాయి, అవన్నీ నీ పొడి మీద చోటు కోసం పోటీ పడతాయి. డిస్టిల్డ్ వాటర్లో వచ్చిన 98 శాతం అక్కడ రాదు. తక్కువొచ్చినా ఉన్నది ఉన్నట్టు రాయి. సిప్రోఫ్లోక్సాసిన్‌కి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే మెషీన్) తప్పదు. ఆ మెషీన్ స్లాట్ ఇప్పుడే బుక్ చేసుకో, ఆఖర్లో అందరూ దాని మీదే పడతారు.

అనిలిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. వాడేసిన పొడిని సింక్‌లో కడగొద్దు, హజార్డస్ వేస్ట్ డబ్బాలో వెయ్యి.

లైటుండి పొడి లేకుండా, పొడి ఉండి లైటు లేకుండా, లైటు కింద ఉత్త టైటానియాతో, ఈ మూడు బ్లాంకులూ (పోల్చి చూసుకునే ప్రయోగాలు) ముందు నడిపి గ్రాఫులు నాకు వాట్సాప్‌లో పంపు. కాంపోజిట్ రీడింగులు ఆ తర్వాత చూద్దాం.

మీ పెదనాన్న