సమ్మె తేదీ కన్నా ఆదివారం చూసుకో

అమ్మలూ,

ఇల్లు మాంచెస్టర్‌లో, ఉద్యోగం లీడ్స్‌లో అని మీ అమ్మ చెప్పింది. అద్దె లెక్కలు నీకు తెలుసు, దాని గురించి నేనేమీ అనను. కానీ వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలంటే ఇక్కడి రైళ్ళతో కాపురం చేసినట్టే, అందుకని నువ్వు మొదటి నెల పాస్ కొనేలోపే రాస్తున్నాను. "పెద్దమ్మా, మళ్ళీ సమ్మెలు మొదలైతే ఎలా" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. సమ్మె గురించి అంత టెన్షన్ పడకు. తేదీ పది రోజులకు తక్కువ కాకుండా ముందే చెప్పి మరీ చేసే పని అది, చట్టం అలా ఉంది. ఆ రోజు ఇంటి నుంచి పనిచేస్తానని మీ మేనేజర్‌కి చెప్పుకునే టైం ఉంటుంది.

సమ్మె అనే మాట వినగానే ఎవరు చేస్తున్నారో చూడు, మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. డ్రైవర్లలో ఎక్కువమంది ఆస్లెఫ్ యూనియన్, గార్డుల్లోనూ స్టేషన్ సిబ్బందిలోనూ ఎక్కువమంది ఆర్ఎంటీ. డ్రైవర్లు సమ్మెకి దిగితే ఆ కంపెనీ బండ్లు దాదాపు ఏవీ ఉండవు, ఆశ పెట్టుకోవద్దు. గార్డులు మాత్రమే దిగితే లండన్ చుట్టుపక్కల చాలా లైన్లు నడిచిపోతాయి, అక్కడ తలుపులు వేసేది డ్రైవరే కాబట్టి. మన ఈ ఉత్తర ఇంగ్లండ్ వైపు అలా కాదు, గార్డు లేకపోతే బండి కదలదు. సిగ్నల్ క్యాబిన్లలో కూర్చునేవాళ్ళు కూడా కలిస్తే దేశమంతా దెబ్బే. 2022 జూన్ 21, 23, 25 తేదీల్లో అదే జరిగింది, రోజూ నడిచే బండ్లలో ఐదో వంతు మాత్రమే, అవి కూడా పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకానే. ట్యూబ్ సమ్మె అని వార్తల్లో వస్తే అది లండన్ మెట్రో గొడవ, నీకు సంబంధం లేదు.

అసలు ఇబ్బంది సమ్మె లేని రోజుల్లో ఉంది. ఇది ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఈ దేశంలో రైల్వే టైంటేబుల్ చాలావరకు సిబ్బంది తమ సెలవు రోజున ఇష్టపడి వచ్చి ఓవర్‌టైం చేస్తేనే నడుస్తుంది. కొన్ని కంపెనీల్లో, ముఖ్యంగా ఉత్తర ఇంగ్లండ్‌లో, గార్డుల ఒప్పందంలో ఆదివారం పనిదినమే కాదు. ఎండ కాసిన ఆదివారం, ఫుట్‌బాల్ పోటీ ఉన్న ఆదివారం, పండగ ముందు ఆదివారం, ఎవరూ రాకపోతే బండి రద్దు, కారణం అడిగితే "ట్రెయిన్ క్రూ అందుబాటులో లేరు" అని బోర్డు మీద పడుతుంది. యూనియన్‌కీ కంపెనీకీ గొడవ ముదిరితే యూనియన్ వాళ్ళు ఓవర్‌టైం నిషేధం అని ప్రకటిస్తారు, అంటే సెలవు రోజున ఎవరూ పనికి రారు, దానికి సమ్మె అంత వార్త రాదు గానీ వారం పొడుగునా నీ పొద్దుటి బండిని మింగేసేది అదే. కాబట్టి ముందురోజు రాత్రి పది దాటాక నేషనల్ రైల్ యాప్‌లో రేపటి బండి ఉందో లేదో చూసి పడుకో. మర్నాటి బండ్లను ముందురాత్రే తీసేసే అలవాటు కంపెనీలకి ఉంది. ఉంటే ఉన్నట్టు, తీసేస్తే తీసేసినట్టు ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఎందుకో కింద చెప్తాను.

నీకు రెండు దారులున్నాయి, ఇది నీ అదృష్టం. హడర్స్‌ఫీల్డ్ మీదుగా ట్రాన్స్‌పెన్నైన్ బండ్లు, హెబ్డెన్ బ్రిడ్జ్ మీదుగా నార్తర్న్ బండ్లు. రెండో దారి నెమ్మది, కొండల మధ్యలోంచి పోతుంది, కిటికీ పక్కన కూర్చుంటే బాగుంటుంది. ఈ రెండు కంపెనీలూ ఇప్పుడు ప్రభుత్వానివే, నార్తర్న్ 2020లో, ట్రాన్స్‌పెన్నైన్ 2023లో చేతులు మారాయి. అయినా ఒకదాని పేరు మీద చౌకగా కొన్న టికెట్ రెండోదాంట్లో చెల్లదు. యాభై పెన్నీల తేడా కోసం అలాంటి టికెట్ కొనకు, ఏ కంపెనీ బండైనా ఎక్కనిచ్చేది కొను. రెండు బండ్లూ లేని రోజున ఎం62 హైవే మీద కోచ్ బస్సులు ఉంటాయి, సమ్మె తేదీ తెలిసిన గంటలోనే సీటు బుక్ చేసుకో, సాయంత్రానికి రేటు పెరిగిపోతుంది.

ఇక గార్డు. మన ఇండియాలో గార్డంటే చివరి బోగీలో పచ్చజెండా పట్టుకున్న మనిషి, ప్రయాణికుడికి ఆయనతో పని పడదు. ఇక్కడ గార్డు బోగీల్లో తిరుగుతూ టికెట్లు చూస్తాడు, స్టేషన్ రాగానే తలుపులు తీసి వేస్తాడు, అంతా సరిగ్గా ఉంటే డ్రైవర్‌కి రెండుసార్లు బజర్ కొడతాడు, అప్పుడే బండి కదులుతుంది. వీల్‌చైర్‌కి ర్యాంప్ వేసేదీ చాలాసార్లు ఆయనే. ఈ తలుపుల పని డ్రైవర్‌కి ఇవ్వాలా గార్డుకే ఉంచాలా అన్న దాని మీదే 2016లో ఇంగ్లండ్ దక్షిణాన సదరన్ రైల్వేలో గొడవ మొదలై ఏళ్ళ తరబడి సాగింది, ఆ డిసెంబర్‌లో డ్రైవర్లు కూడా దిగితే ఆ బండ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవర్ తలుపులు వేసినా సరైన కెమెరాలూ పద్ధతులూ ఉంటే ప్రమాదం లేదనే రైల్వే నియంత్రణ సంస్థ చెప్పింది, 1980ల నుంచీ అలా నడుస్తున్న లైన్లున్నాయి, ఆ మాట కాదనలేను. కానీ రాత్రి పదకొండుకి ఖాళీ బోగీలో ఇద్దరు తాగుబోతులు నీ ఎదురు సీట్లో కూర్చున్నప్పుడు తలుపు కెమెరా నీకేం చేస్తుంది? నా ఓటు గార్డుకే. రాత్రి బండెక్కితే గార్డు ఏ బోగీలో ఉన్నాడో చూసి దాంట్లోనే కూర్చో, సిగ్గు పడకు.

నా పక్షపాతానికి ఇంకో కారణం కూడా ఉందిలే. మీ తాతయ్య కాజీపేటలో రైల్వే మనిషి, 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు ఇంట్లో జీతం ఆగిపోయిన సంగతి మా అమ్మ చెప్తూ ఉండేది. అందుకని బండి రాని రోజున కూడా సమ్మె చేసేవాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు, నువ్వు తిట్టుకుంటే తిట్టుకో. ఎదురుగా ఉన్న గార్డుని మాత్రం తిట్టకు. ఆ బండి నడుపుతున్నదే ఆయన, రానివాళ్ళ మీది కోపం వచ్చినవాడి మీద చూపిస్తే ఏం లాభం? పైగా నీకు ఆయనతో పని పడుతుంది.

ఎలాగంటే, నీ బండి రద్దయి వేరే బండి ఎక్కాల్సి వస్తే ఎక్కకముందే గార్డుని ప్లాట్‌ఫాం మీద పట్టుకుని "ఈ టికెట్‌తో రావచ్చా" అని అడుగు. ఎక్కాక అడిగితే అది సంజాయిషీ అవుతుంది. సరే అంటే సరే, లేదంటే స్టేషన్ వాళ్ళని అడుగు. టికెట్ లేకుండానో తప్పు టికెట్‌తోనో దొరికితే ఇంగ్లండ్‌లో పెనాల్టీ 100 పౌండ్లు, దాని మీద టికెట్ ధర, మూడు వారాల్లో కడితే ఆ వంద 50 అవుతుంది. ఇది జరిమానాతో పోయేది. కొన్నిసార్లు వ్యవహారం కోర్టుకి పోతుంది, 1889 నాటి రైల్వే చట్టం కింద. కంపెనీలు ప్రయాణికులు లేకుండానే మూసిన గదిలో నడిపించిన ఇలాంటి కేసులు 70 వేలకు పైగా చెల్లవని 2024 ఆగస్టులో కోర్టే చెప్పింది. అయినా నువ్వు వీసా మీద ఉన్నదానివి, అలాంటి ఉత్తరం వస్తే కరెంటు బిల్లుల మధ్య పడేయకు, వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ముఖ్యంగా రైల్‌కార్డ్ విషయంలో జాగ్రత్త: 35 పౌండ్లు పెట్టి కొంటే ఏడాదంతా మూడో వంతు తగ్గింపు, కొనాల్సిందే, కానీ నీ వయసువాళ్ళ కార్డుకి సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పదిలోపు కనీస చార్జీ షరతు ఉంది, తగ్గింపు టికెట్ దానికన్నా తక్కువ పడితే చెల్లదు. పాపం చదువుకున్న పిల్లలే ఇక్కడ దొరికిపోతున్నారు. ఫోన్‌లో చార్జింగ్ కూడా చూసుకో, ఫోన్ ఆగిపోతే అందులో ఉన్న టికెట్ లేనట్టే లెక్క.

డబ్బు వెనక్కి రాబట్టుకోవడం నేర్చుకో. బండి రద్దయి నువ్వు ప్రయాణమే మానుకుంటే టికెట్ కొన్న చోటే అడగాలి, మొత్తం వస్తుంది, ఫీజు కోయకూడదు. ప్రయాణం చేసి ఆలస్యంగా చేరితే అది డిలే రిపే, అంటే ఆలస్యానికి ఇచ్చే పరిహారం, దాన్ని ఆలస్యం చేసిన రైలు కంపెనీని అడగాలి, టికెట్ అమ్మిన యాప్‌ని కాదు. ఈ రెండూ కలిపేసి అందరూ తిరుగుతూ ఉంటారు. నీ లైన్లో 15 నిమిషాలు దాటితే వన్‌వే చార్జీలో పావు, అరగంటకి సగం, గంట దాటితే మొత్తం. 28 రోజుల్లోపు అడగాలి. సమ్మె రోజున మాత్రం ఆలస్యాన్ని ఆ రోజుకి ప్రకటించిన కొత్త టైంటేబుల్‌తో పోల్చి లెక్కేస్తారు, అందుకే ముందురాత్రి స్క్రీన్‌షాట్ అన్నాను. మొదటిసారి కాదంటే మళ్ళీ రాయి, చాలామంది ఒక్క "నో"కే వదిలేస్తారు, కంపెనీకి కావలసింది కూడా అదే.

డిసెంబర్‌లో ఇంటికెళ్తానన్నావుగా. క్రిస్మస్ రోజున ఇక్కడ రైళ్ళు ఉండవు, మర్నాడు కూడా ఏవో కొన్ని లైన్లే, ఆ వారమంతా పట్టాల పనులు పెట్టుకుంటారు. ఎయిర్‌పోర్టుకి మీ ఊళ్ళో ట్రామ్ ఉంది కాబట్టి మామూలు రోజున రైలు సమ్మె ఉన్నా నీకు భయం లేదు, సరిగ్గా 25న ఫ్లైట్ అయితే మాత్రం ట్యాక్సీ ముందే మాట్లాడి పెట్టుకో. 20 లోపు బయల్దేరేది దొరికితే అది కొనేయ్, కొన్నాక తేదీ నాకు పంపు, మీ అమ్మకి ఆవకాయ జాడీ నీతో పంపించాలి.

పెద్దమ్మ