పేనుబంక ఒంట్లో పాత కాపురం

ప్రశ్న: మా పెరట్లో చిక్కుడు పాదుకు ఏటా పేనుబంక పడుతుంది. ఈ పురుగు ఒంట్లో పుట్టుకతోనే బాక్టీరియా ఉంటుందనీ, అది లేకపోతే పురుగుకు మనుగడే లేదనీ ఈమధ్య చదివాను. రోగాలు తెచ్చే బాక్టీరియా పురుగుకు ఆధారం ఎలా అయింది? పురుగు పరిణామాన్ని కూడా అది మలిచిందంటే నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నమ్మవచ్చు. అయితే ముందుగా ఆ పురుగు తిండి సంగతి చూడాలి. మీ చిక్కుడు పాదులో ఒక లేత కొసను తుంచి భూతద్దం కింద పెడితే, సూదిలాంటి నోటిని కాడలోకి దింపి కదలకుండా ఉన్న పురుగులు గుంపుగా కనిపిస్తాయి. అవి తాగేది ఆకుల్లో తయారై మొక్కంతా పారే తీపి రసం. అందులో చక్కెర ఎంత ఎక్కువంటే, అక్కరకు మించినది వెనక నుంచి జిగటగా కారిపోతుంది. చీమలు చేరేది దానికోసమే. కానీ ఒళ్లు పెరగడానికి మాంసకృత్తులు కావాలి. అవి అమైనో ఆమ్లాలనే ఇటుకలతో తయారవుతాయి. వాటిలో జంతువులు సొంతంగా తయారుచేసుకోలేనివి పది వరకు ఉన్నాయి. ఆ రసంలో అవి చాలా తక్కువ. మనం అన్నంలోని ఈ లోటును పప్పుతో పూడ్చుకుంటాం. పేనుబంకకు ఆ పప్పు వండిపెట్టేది దాని ఒంట్లోని బాక్టీరియాయే.

దాని పేరు బుక్నెరా. కీటకాలు, సూక్ష్మజీవుల సహజీవనం మీద జీవితమంతా పనిచేసిన జర్మన్ జంతుశాస్త్రవేత్త పాల్ బుక్నర్ పేరు మీదుగా వచ్చింది. ఇది పురుగు పేగులో తిరిగే రకం కాదు. పొట్టలో తనకోసమే ఏర్పడిన పెద్ద పెద్ద కణాల లోపల నివసిస్తుంది, తల్లి నుంచి నేరుగా పిండానికి చేరుతుంది. పేనుబంక చాలాకాలం మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. కడుపులోని కూతురి లోపల అప్పటికే మనవరాలి పిండం మొదలై ఉంటుంది. ఆంటీబయాటిక్ ఇచ్చి బుక్నెరాను చంపితే పురుగు గిడసబారిపోతుంది, దాదాపు గొడ్డుబోతుంది. బుక్నెరాకు కూడా బయట బతుకు లేదు.

ఈ కాపురం వయసు కనీసం 16 కోట్ల ఏళ్లని అంచనా. పేనుబంకల వంశవృక్షాన్నీ బుక్నెరా వంశవృక్షాన్నీ పక్కపక్కన పెడితే కొమ్మకు కొమ్మ సరిపోతుంది. అంటే అంతకాలం పొడవునా బాక్టీరియా తల్లి నుంచి బిడ్డకే అందిందన్నమాట.

దీన్ని స్నేహమని రాసేవారున్నారు. నాకైతే ఆ మాట పూర్తిగా ఒప్పదు, ఎందుకంటే ఇద్దరూ పోగొట్టుకున్నది కూడా ఉంది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు బఠాణీ పేనుబంకలోని బుక్నెరా జన్యుపటాన్ని చదివారు. అందులో ఉన్నవి సుమారు 6.4 లక్షల డీఎన్ఏ అక్షరాలు, 600 లోపు జన్యువులు. దాని దూరపు చుట్టమైన మన పేగులోని ఈ. కోలై అనే బాక్టీరియాకు 46 లక్షల అక్షరాలు, 4,000కు పైగా జన్యువులు ఉన్నాయి. తల్లి నుంచి పిల్లకు ప్రతిసారీ కొద్ది బాక్టీరియాలే చేరడం వల్ల చిన్నచిన్న నష్టాలు కేవలం యాదృచ్ఛికంగా స్థిరపడిపోయాయి. బయటి బాక్టీరియాతో జన్యువులు మార్చుకునే దారీ లేదు. ఇంత పోగొట్టుకున్నా, పురుగుకు కావలసిన అమైనో ఆమ్లాలు వండే జన్యువులు మాత్రం చాలావరకు నిలిచాయి, ఎందుకంటే అవి పోయిన వంశాలు పురుగుతో సహా అంతరించి ఉంటాయి. పురుగు కూడా మునుపటిలా లేదు. 2010లో వెలువడిన బఠాణీ పేనుబంక జన్యుపటం ప్రకారం ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాన్ని అది సొంతంగా చేసుకోలేదు. లూసీన్ వంటి వాటి విషయంలో వంట బుక్నెరాది, ఆఖరి మెట్టు పురుగు ఎంజైముది.

మీ ప్రశ్నకు సూటిగా తగిలే ఉదాహరణ వేడిది. బుక్నెరాలో వేడిని తట్టుకునే ఒక జన్యువును నడిపించే చోట ఒకే ఒక్క అక్షరం రాలిపోయిన వంశాలు ఉన్నాయని 2007లో తేలింది. ఆ బాక్టీరియాను మోస్తున్న పురుగులు పిల్లదశలో కొద్ది గంటలు వేడి తగిలితే చాలు, తర్వాత సంతానం లేకుండానో అతి కొద్ది సంతానంతోనో మిగులుతాయి. చల్లని వాతావరణంలో మాత్రం మిగతావాటికంటే ముందుగానే పిల్లలు పెడతాయి. ఎండను తట్టుకోవడం పురుగు లక్షణమని మనం అనుకుంటాం, కానీ ఇక్కడ దాన్ని నిర్ణయించే అక్షరం బాక్టీరియాలో ఉంది.

బుక్నెరాతో పాటు కొన్ని పేనుబంకల్లో హామిల్టొనెల్లా అనే మరో బాక్టీరియా చేరుతుంది. చిన్న కందిరీగ ఒకటి పేనుబంక ఒంట్లో గుడ్డు పెడితే, ఈ బాక్టీరియాలో దాగిన వైరస్ మోసే విషం కందిరీగ పిల్లను చంపేస్తుంది. కందిరీగలు లేని బోనుల్లో పెంచితే మాత్రం ఆ బాక్టీరియా ఉన్న పురుగుల వాటా తగ్గిపోతుంది; కాపలాకు కూలి కట్టాలి కదా.

ప్రశ్న: బియ్యంలో పట్టే ముక్కుపురుగుకూ ఇలాంటిదే ఉందా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది, కానీ అది కొత్త కాపురం. సొడాలిస్ పియరాంటోనియస్ అనే ఈ బాక్టీరియా ముక్కుపురుగులో చేరి సుమారు 28 వేల ఏళ్లే అయిందని అంచనా. అందుకే దాని జన్యుపటంలో ఇంకా 45 లక్షల అక్షరాలున్నాయి, వాటిలో చచ్చుబడిన జన్యువులు కుప్పలుగా ఉన్నాయి. పురుగు పెంకు గట్టిపడడానికి కావలసిన టైరోసిన్, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాలను ఇదే అందిస్తుంది. పెంకు గట్టిపడ్డాక పురుగు తన పేగులోని బాక్టీరియాను తానే కరిగించేస్తుంది, ఆడపురుగు అండాశయంలో మాత్రం మిగుల్చుకుంటుంది. బాక్టీరియాను తీసేసిన ముక్కుపురుగులను ప్రయోగశాలల్లో తరాల తరబడి పెంచుతున్నారు. అవి నెమ్మదిగా పెరుగుతాయి, ఎగరలేవు, అయినా పిల్లల్ని కంటూనే ఉన్నాయి.