బాక్సింగ్ – ప్రశ్నలు, జవాబులు: అలీ నీడలో జో ఫ్రేజియర్

ప్రశ్న: బాక్సర్ ముహమ్మద్ అలీని మూడున్నరేళ్లు రింగ్‌కి దూరం పెట్టారు కాబట్టే ఫ్రేజియర్ ఛాంపియన్ అయ్యాడని మా వాళ్లంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: సగమే నిజం. సైన్యంలో చేరనన్నందుకు 1967లో అలీ టైటిల్ లాగేసుకున్నారు. ఆ ఖాళీలోనే ఫ్రేజియర్ 1968లో బస్టర్ మాథిస్‌ని ఓడించి న్యూయార్క్ రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ గుర్తించిన హెవీవెయిట్ టైటిల్, 1970లో జిమ్మీ ఎల్లిస్‌ని ఓడించి మిగిలినదీ గెలిచాడు. ఎవరు అసలు ఛాంపియన్ అన్న పేచీ మాత్రం 1971 మార్చి 8న, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తీరిపోయింది. అప్పటిదాకా ఇద్దరికీ ఓటమి తెలీదు. చెరో 25 లక్షల డాలర్లు. పదిహేను రౌండ్లయ్యాక రిఫరీ, జడ్జీలు ముగ్గురి కార్డుల్లోనూ ఫ్రేజియరే ముందున్నాడు. ఒక కార్డులోనైతే రౌండ్ల లెక్క 11-4. విరామం వల్ల అలీ కాళ్ల వేగం తగ్గిందనుకున్నా, ఈ పోరుకు ముందే అతను క్వారీ, బొనవేనా అనే బాక్సర్లను ఓడించి వచ్చాడు.

అయినా జనం నోట మిగిలింది అలీ పేరే. అలీ మాటకారి. బాక్సింగ్ లైసెన్స్ తిరిగి ఇవ్వాలని తన తరఫున మాట్లాడిన ఫ్రేజియర్‌నే ‘గొరిల్లా’ అని, తెల్లవాళ్ల తొత్తని ఊరంతా వినేలా ఎగతాళి చేశాడు. అది అన్యాయం. 2001లో క్షమాపణ చెప్పాడు గానీ అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటాయి. ఫ్రేజియర్ సొంతూరు చేసుకున్న ఫిలడెల్ఫియాలో సినిమా పాత్ర రాకీకి విగ్రహం ఎప్పుడో వచ్చింది. ఒలింపిక్ స్వర్ణం, ప్రపంచ టైటిల్ రెండూ గెలిచిన ఈ మనిషికి 2015లో పెట్టారు, చనిపోయిన నాలుగేళ్లకు.

ప్రశ్న: బాక్సింగ్ నేర్చుకుంటున్నాను, పొట్టివాణ్ని. ఫ్రేజియర్ ఎడమ హుక్ ఎలా వేసేవాడు? – విశాఖపట్నం

జవాబు: అలీ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఫ్రేజియర్ ఆరడుగులకు కాస్త తక్కువ. దూరం నిలబడితే జాబ్‌లు (ముందు చేత్తో వేసే సూటి గుద్దులు) తినడమే, అందుకే అతనికి ముందు లోపలికి దూరడం పని, ఆ తర్వాతే హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే గుద్దు).

ఎదుటివాడి జాబ్ తల మీదుగా పోయేలా మోకాళ్లు వంచి ఎడమకు దిగండి. బరువు ఎడమ కాలి మీదకు రావాలి. అక్కడి నుంచి ఎడమ మడమ బయటికి తిప్పుతూ నడుము తిప్పితే చెయ్యి దానంతటదే వస్తుంది. మోచెయ్యి సుమారు 90 డిగ్రీలు వంగి, పిడికిలికి సమంగా ఉండాలి. మోచెయ్యి కిందికి జారితే అది గుద్దు కాదు, చెంపదెబ్బ. చాలామంది చేసే పొరపాటు బలం కోసం చెయ్యి వెనక్కి లాగడం. ఎడమకు దిగినప్పుడు మీరు ఎదుటివాడి కుడిచేతి దారిలోనే ఉంటారు. ఆ క్షణం చెయ్యి వెనక్కి లాగి గ్లవ్ చెంప వదిలితే అతని కుడి గుద్దు నేరుగా దిగుతుంది. గుద్దాక తల అక్కడే ఉంచకుండా మళ్లీ కుడికి దిగండి.

సాధనకు రింగ్‌లో మూల నుంచి మూలకు భుజం ఎత్తున తాడు కట్టి, అడుగుకోసారి అటూ ఇటూ దాని కిందుగా దూరుతూ వెళ్లండి. మొదట్లో రెండు నిమిషాల రౌండ్లు మూడు చాలు. తాడు కింద నడుము వంచొద్దు. నడుము వంగితే చూపు నేలకి పోతుంది, కింది నుంచి వచ్చే గుద్దు, అంటే అప్పర్‌కట్, కనబడదు. 1973లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ చేసిందదే: రెండు చేతులతో తోసి ఫ్రేజియర్‌ని తనకు కావలసిన దూరంలో ఉంచాడు, కిందికి దిగినప్పుడల్లా కింది నుంచి గుద్దాడు. రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు.

ప్రశ్న: ఏ పోరులు చూడాలి? – గుంటూరు

జవాబు: ముందు 1971లో 11, 15 రౌండ్లు. కుడి అప్పర్‌కట్ వేసేటప్పుడు అలీ కుడి చెయ్యి దించుతాడని ఫ్రేజియర్ కోచ్ ఎడ్డీ ఫచ్ ముందే పసిగట్టాడు. 15వ రౌండులో అలీని వెల్లకిలా పడేసిన హుక్ చూసేటప్పుడు అలీ కుడి చేతి మీద కన్నుంచండి. తర్వాత 1974 పోరు: అలీ ఫ్రేజియర్ మెడ పట్టి లాగుతూ దగ్గరి పోరును ఎలా ఆపేశాడో తెలుస్తుంది. 1975 మనీలా పోరులో 14వ రౌండ్ తర్వాత ఫచ్ ఆపేశాడు. అప్పటికి అలీ పాయింట్లలో ముందున్నాడు. ఫ్రేజియర్‌కి ఒక కంటి చూపు ముందే దెబ్బతింది, రెండోది వాచి మూసుకుపోతోంది. వచ్చే గుద్దు కనబడనివాడిని మరో మూడు నిమిషాలు పంపకపోవడమే సరైన పని. కోచ్‌లు కాదలచిన వాళ్లు ఆ పోరును 14వ రౌండ్ తర్వాతి విరామంతో సహా చూడాలి.